నూట ఎనభై బారల లోపు

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 14, 2005.

ప్రియమైన దుర్గా,

నా దస్తూరీ చూసి ఆశ్చర్యపోతున్నావు కదూ? ఏలూరులో బీయస్సీ ఆఖరి పరీక్ష రాసి బస్టాండులో విడిపోయాక ఈ ఆరేళ్ళలో నీకు పంపినవి రెండే రెండు క్రిస్మస్ కార్డులు. తిట్టుకో, పడతాను. నీ అడ్రసు నాన్నగారినడిగి తీసుకున్నాను. మీ నత్తలంకలో సెల్‌ఫోను పలకదట. ఆయన ఇప్పటికీ గుండుగొలనులోనే, మిషన్ బడి వెనక ఇంట్లోనే ఉంటున్నారు. రిటైరయ్యారు కానీ లెక్కలు చెప్పడం మానలేదు. అమ్మ పోయాక వంటకి సుందరమ్మ వస్తోంది. కళ్ళు కాస్త మసకగా ఉన్నాయంటున్నారు.

నేనిక్కడ ఇంజనీరింగు కాలేజీలో లెక్కల లెక్చరర్ని. చేరి రెండేళ్ళయినా పర్మనెంటు కాలేదు. ఎం.ఫిల్. చేస్తే చూస్తామన్నారు, మొదలుపెట్టాను. ఈ మధ్య మా ల్యాబులో లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారే! సమీకరణం టైపు చేసి ఎంటర్ కొడితే తెర మీద కొండలా లేచి నిలబడుతుంది. మౌసుతో పట్టుకుని అన్నివైపులా తిప్పి చూడొచ్చు. హాస్టలు వరండాలో మనం గ్రాఫు కాగితం మీద ఒక్కో చుక్కా పెట్టుకుంటూ సాయంత్రమంతా గీసేవాళ్ళం. అది ఇప్పుడు తుమ్మేలోపు అయిపోతుంది.

ఇంకో సంగతి. ప్రమేయాన్ని, అదే మన ఫంక్షన్‌ని, ఎక్కడ గీయాలో, ఎక్కడ గీయకూడదో మనమే చెప్పొచ్చు. 'ఈ హద్దు లోపల మాత్రమే' అని ఒక షరతు రాస్తే అక్కడిదాకా గీసి, అవతలంతా తెల్లగా వదిలేస్తుంది. నా ఎం.ఫిల్. దీని మీదే. మా గైడు ఈశ్వరప్రసాద్ గారు పుస్తకాల్లోని ఉదాహరణలు వద్దు, నిజమైన ఉపరితలం ఏదైనా తెమ్మన్నారు. నాకు వెంటనే మీ కొల్లేరు గుర్తొచ్చింది. చెరువుల అడుగు ఎక్కడెంత ఎత్తులో ఉందో మీ నాన్నగారు దోనె నడిపే గెడతో కొలిచి ఇస్తారా? నీ పేరూ, మీ నాన్న సింహాచలం గారి పేరూ మొదటి పేజీలో వేస్తాను. ప్రభువు తోడు.

నీ
పెర్సిస్


నత్తలంక,
అక్టోబరు 18, 2005.

పెర్సిస్‌కి, నీ దుర్గ రాయునది.

రెండు కార్డులు కాదు, ఒకటే. రెండోది ఎవరికి పంపావో గుర్తుచేసుకో.

నేను ఇక్కడి బడిలో విద్యా వాలంటీరుని. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటొచ్చినా అమ్మకి పక్షవాతం వచ్చి వెళ్ళలేకపోయానని నీకు తెలుసుగా. అమ్మ ఇప్పుడు లేచి కూర్చుంటోంది. బడిలో ముప్ఫై నలుగురు పిల్లలున్నారు. ఎక్కాలు చెబుతాను, చీమిడి ముక్కులు తుడుస్తాను.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపిస్తే తెగ నవ్వాడు. "నీళ్ళ అడుగు కొలిస్తే పరీక్ష పాసు చేస్తారంటా? నేను పుట్టిన దగ్గర్నుంచీ కొలుస్తానే ఉన్నాను, నాకెవరూ సర్టిఫికెట్టివ్వలేదు" అన్నాడు. అన్నాడే కానీ మర్నాడే గెడకి జానెడు జానెడుకీ ఎర్రరంగు పూశాడు. నెల్లాళ్ళు రోజూ తెల్లారి దోనె వేసుకుని వెళ్ళాడు. ఆయన కేకేసి చెప్పడం, నేను గట్టు మీద రాసుకోవడం. ఒక్కోచోట మూడుసార్లు గుచ్చి చూసేవాడు. "చదువుకున్నోళ్ళ పని. తేడా వస్తే మేస్టారమ్మాయికి మాట వస్తది" అనేవాడు.

మా లంకలో అరవై ఇళ్ళకీ కలిపి ఉన్న సొసైటీ చెరువు తూము దగ్గర సున్నా పెట్టుకున్నాం. తూర్పుకి ఎక్స్, ఉత్తరానికి వై, కొలత బారల్లో. నూట ఎనభై బారల దగ్గర కోడు కాలవ అడ్డొస్తుంది. కోడు అవతల ఉన్నవన్నీ పెద్ద ఆసామి దుర్గారాజు గారి చెరువులు. నాన్న వాటికి కాపలాదారు కాబట్టి అక్కడా ఎవరూ అడ్డుచెప్పలేదు. నాలుగు వందల ఇరవై బారల దాకా కొలిచాడు. మొత్తం రెండు వందల పన్నెండు చోట్లు. వంతెన స్తంభం మీద ఇరిగేషన్ వాళ్ళు వేసిన అడుగుల గుర్తుతో, తాపీవాళ్ళ నీళ్ళ ట్యూబుతో సరిచూసి, అన్నిటినీ సముద్రమట్టం నుంచి ఎత్తుల్లోకి మార్చాను.

దసరా సెలవుల్లో ఊరుకోలేక ఆ ఎత్తులన్నిటికీ కనిష్ఠ వర్గాల పద్ధతిలో రెండో ఘాతపు ప్రమేయం కుదిర్చాను. ఆరు గుణకాలూ పక్క కాగితంలో ఉన్నాయి. చేత్తో చేసినవి, తప్పులుంటాయి, మెషీన్‌తో సరిచూసుకో. బొమ్మ వస్తే మాకొకటి పంపు. నాన్న ఆ నీళ్ళన్నీ తీసేస్తే కింద ఎలా ఉంటుందో చూడాలంటున్నాడు.

మాస్టారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
సాయిదుర్గ


తాడేపల్లిగూడెం,
నవంబరు 27, 2005.

ప్రియమైన సాయిదుర్గా,

నీ గుణకాలు సరిచూశాను. మూడో దశాంశం దాకా సరిపోయాయి. నువ్వేం మారలేదు.

బొమ్మ పంపుతున్నాను. మొదటిసారి ఏ షరతూ పెట్టకుండా గీస్తే నవ్వొచ్చింది. మీ చెరువులు దాటాక, మీ నాన్న గెడ పడని చోట, అది తన ఇష్టమొచ్చినట్టు లేచి ఆకాశాన్నంటే కొండయింది. కొలతల్లేని చోట ప్రమేయం చెప్పేదంతా అబద్ధం. అందుకే కొలిచిన ప్రదేశానికి హద్దు రాయాలి. ఇలా రాస్తాం: ఎక్స్ ఇంతకీ ఇంతకీ మధ్య, వై ఇంతకీ ఇంతకీ మధ్య ఉంటే ఎత్తు గీయి, లేకపోతే వదిలేయి. ఒక్క లైనే. నీకెందుకులే ఇదంతా, అక్కడ కంప్యూటరు కూడా లేదు. ఆ షరతు బొమ్మ అడుగున అచ్చయి ఉంటుంది, చూడు.

ఈశ్వరప్రసాద్ గారు గుణకాలు చూసి "ఇవన్నీ ఎవరు చేశారు?" అన్నారు. నేనే చేశానన్నాను. వివరం చెప్పే ఓపిక లేకపోయింది. ఏమనుకోకు.

నాన్నగారికి నీటికాసులని డాక్టరు చెప్పారు. ఒక కన్ను ఇక రాదట.

పెర్సిస్


నత్తలంక,
జనవరి 22, 2006.

పెర్సిస్‌కి,

నువ్వే చేశానన్నావా? సరేలే. మొదటి పేజీలో నాన్న పేరు మాత్రం మర్చిపోకు. ఆయన ఆ బొమ్మని అద్దం కట్టించి గోడకి తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ "ఇదిగో ఇక్కడ మడుగు, ఇక్కడ మెరక" అని వేలితో చూపిస్తాడు. మాస్టారి కన్ను సంగతి విని అమ్మ ఏడ్చింది.

ఇప్పుడు అవసరంగా రాస్తున్నాను. చెరువులన్నీ కొట్టేస్తారని ఊరంతా కంగారుగా ఉంది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత ఉందట, అయిదో కాంటూరు అంటున్నారు. దాని లోపలున్నదంతా సరస్సేనట, అందులో గట్లు ఉండకూడదట. ఈ ప్రాంతం కొలతలు ఒక ప్రైవేటు బృందం చేస్తోంది. శేషగిరిరావు గారని పెద్దాయన వాళ్ళకి సూపర్‌వైజరు. దుర్గారాజు గారి గెస్టుహౌసులో దిగారు.

మన లెక్క ప్రకారం మా సొసైటీ చెరువూ అయిదు లోపే, దుర్గారాజు గారివీ అయిదు లోపే. అందులో దాపరికం లేదు, కొట్టాల్సి వస్తే అన్నీ కొడతారు. కానీ మేం చేపపిల్ల ఆలస్యంగా వేశాం. బొచ్చె, శీలావతి ఇప్పుడు అరచేతంత ఉన్నాయి. జూన్ దాకా ఆగితేనే అమ్ముకునేంత పెరిగి పట్టుబడికి వస్తాయి. దుర్గారాజు గారి చేపా అంతే ఉంది. పటంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తే ఇద్దరికీ ఒకే గడువు ఇవ్వాల్సి వస్తుందని మా పెద్దలు అంటున్నారు. ఆయనకి ఎలాగూ గడువిస్తారు, ఆ గడువే మాకూ దక్కుతుందని ఆశ.

మొత్తం పటం, నాలుగు వందల ఇరవై బారల దాకా ఉన్నది, కాలేజీ ముద్ర వేయించి పంపు. నా మాట మీద ఊరంతా ఎదురుచూస్తోంది.

సాయిదుర్గ


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 26, 2006.

సాయిదుర్గకి,

పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది. నువ్వడిగిన పటం కాలేజీ తరఫున నేరుగా సర్వే బృందానికే వెళ్ళింది. నీకొక కాపీ జతచేశాను. తూర్పు వైపు బిందువులు ప్రమేయానికి సరిగ్గా కుదరలేదు. అందుకని అంతవరకు తీసి గీశాం. ఇవి సాంకేతిక విషయాలు, ఉత్తరాల్లో చెప్పేవి కావు.

మీ నాన్నగారి కొలతలు ఒక పెద్ద పనికి ఉపయోగపడుతున్నాయి. సంతోషించు.

నాన్నగారికి రెండో కన్ను కూడా మసకబారింది.

పెర్సిస్


నత్తలంక,
ఏప్రిల్ 23, 2006.

పెర్సిస్‌కి,

పద్దెనిమిదో తారీఖున ఏం జరిగిందో రాస్తాను. పూర్తిగా చదువు.

పొద్దున్నే రెండు పొక్లెయిన్లు వచ్చాయి, వెనక జీపులో పోలీసులు వచ్చారు. ఊరంతా గట్టు మీద నిలబడ్డాం. శేషగిరిరావు గారు నీ పటం చేతిలో పట్టుకుని, "సింహాచలం అంటే ఎవరయ్యా?" అని అడిగారు. నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని ముందుకెళ్ళాడు.

"ఈ లోతులు నువ్వు కొలిచినవేనా?"

"అవునండీ. నేనేనండీ" అన్నాడు నాన్న. మెచ్చుకోవడానికి పిలిచారనుకున్నాడే. మొహం వెలిగిపోయింది. "రెండొందల పన్నెండు చోట్లండీ. ఒక్కటి కూడా తప్పుండదండీ. కావాలంటే మళ్ళీ గుచ్చి చూపిస్తానండీ."

"అక్కర్లేదు. ఇక్కడ వేలు వెయ్యి."

వేశాడు. నేను పరిగెత్తుకెళ్ళేలోపే వేసేశాడు. శేషగిరిరావు గారు మా పెద్దల వైపు తిరిగి, "మీవాడే కొలిచి ఒప్పుకున్నాడు, మీ చెరువు అయిదు లోపు. ఇంకేం మాట్లాడతారు?" అన్నారు.

"మరి కోడు అవతలివండీ?" అని అడిగాను.

పటం నాకు చూపించారు. కోడు దగ్గర చెరువు కోసేసినట్టు ఆగిపోయింది, అవతలంతా తెలుపు. "అక్కడ కొలతల్లేవమ్మా. మళ్ళీ సర్వే చెయ్యాలి. రెండు నెలలు పడుతుంది" అన్నారు.

పొక్లెయిన్ గట్టుని మూడు చోట్ల తవ్వింది. నీళ్ళతో పాటు చేప బయటికి పోయింది. అరచేతంత చేపలు బురదలో ఎగిరెగిరి పడుతుంటే కొంగలు దిగాయి. ఆడవాళ్ళు బుట్టలతో ఏరబోతే పోలీసులు తరిమారు. నాన్న ఆ గండి దగ్గరే నిలబడి ఉన్నాడు. వేలికున్న సిరా ఆయన తుడుచుకోలేదు.

ఆ సాయంత్రమే రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. సింహాచలం దుర్గారాజు దగ్గర కూలి తిని, ఆయన చెరువులు వదిలేసి ఊరి చెరువు చూపించాడని తేల్చారు. మమ్మల్ని వెలివేశారు. మాతో మాట్లాడకూడదు, నిప్పివ్వకూడదు, కొట్లో సరుకివ్వకూడదు. బడికి ఒక్కరూ రావడం లేదు. ఎక్కాలు నేర్పిన పిల్లలే మా తలుపు మీద బురద కొట్టిపోతున్నారు. గోడ మీదున్న బొమ్మ నాన్నే తీసి పొయ్యిలో పెట్టాడు.

నువ్వు పంపిన కాపీ అడుగున షరతు అచ్చయి ఉంది, అప్పుడు నీ మాట నమ్మి చూడలేదు, ఇప్పుడు చదివాను. ఎక్స్ సున్నాకీ నూట ఎనభైకీ మధ్య. తూర్పు బిందువులు కుదరలేదన్నావు. నా దగ్గర నకలుంది, మళ్ళీ లెక్క వేశాను. తూర్పు బిందువులే ఎక్కువ బాగా కుదిరాయి. నూట ఎనభై బారలంటే కోడు గట్టని నీకు చెప్పింది నేనే. మెషీన్‌కి దుర్గారాజు గారెవరో తెలియదు కదా పెర్సీ. ఆ లైను ఎవరు రాశారు?

సాయిదుర్గ


తాడేపల్లిగూడెం,
మే 14, 2006.

సాయిదుర్గకి,

నేనే రాశాను. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

దుర్గారాజు గారు మా కాలేజీ కమిటీ మెంబరు. ఫిబ్రవరిలో డిపార్టుమెంటుకి వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి, "ఏమ్మా, మా చెరువులు కూడా గీశారంట కదా?" అన్నారు. అంతే. అంతకంటే ఒక్క మాట అనలేదు. నేను ఆయన ముందే నాలుగు వందల ఇరవై కొట్టేసి నూట ఎనభై అని టైపు చేశాను. మార్చిలో నన్ను పర్మనెంటు చేశారు.

అయినా ఏమైందిప్పుడు? ఆయన చెరువులూ జూన్‌లో కొట్టేస్తారు. రెండు నెలల తేడా కోసం నన్ను హంతకురాలిని చేసినట్టు రాశావు. కాగితం మీద వేలు వేసింది మీ నాన్న. చదవకుండా వేయమని నేను చెప్పానా? ఊళ్ళో లెక్కలు తెలిసినదానివి నువ్వొక్కదానివే కదా, ముందే కాపీ చూసి కూడా నాలుగు వందల ఇరవై ఎక్కడికి పోయిందో ఎందుకు కనిపెట్టలేదు? స్నేహితురాలు కదాని నమ్మేశావా? నమ్మడం నీ చేతకానితనం.

ఇంకో మాట కూడా విను. పన్నెండేళ్ళ వయసు నుంచి ప్రతి శనివారం నాన్నగారు నీ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టేవారు. "సాయిదుర్గ ఎలా చేసిందో చూడు" అనేవారు. నాకు తొంభై రెండు వచ్చిన రోజున కూడా నీకెంతొచ్చాయనే అడిగారు. నీకు సీటొచ్చి చదువాగిపోతే ఆయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు ఎమ్మెస్సీలో ఫస్టుక్లాసొస్తే "దేవుని కృప" అని ఊరుకున్నారు. ఆయనకి చూపు పోతుందని డాక్టరు చెప్పినప్పుడు, ఇక నీ నోటుబుక్కు ఈయన చూడలేరు కదా అని నాకు సంతోషం కలిగింది. దేవుడు క్షమించకపోతే మానె.

ఇక నాకు రాయొద్దు.

పెర్సిస్


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 27, 2006.

ప్రియమైన దుర్గా,

మే నెలలో కోపంలో ఏదేదో రాశాను. నువ్వు జవాబివ్వలేదు, రాయొద్దన్నది నేనే కాబట్టి తప్పు పట్టను. దుర్గారాజు గారి చెరువులు కూడా కొట్టేశారని పేపర్లో చూశాను. పట్టుబడి అయ్యాకే అని నువ్వంటావు. నిజమే.

నాకు ఎం.ఫిల్. వచ్చింది. ఒక ప్రతి నాన్నగారికి ఇచ్చి వచ్చాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. చూపు పూర్తిగా పోయింది, వేళ్ళతో తడుముకుని నా పేరు ఎక్కడుందో అడిగారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నా జీవితంలో అలా చేయడం అదే మొదటిసారి.

నువ్వు ఆయనకి ఏమీ చెప్పొద్దు. ఆ ఉత్తరం చింపెయ్యి. మీ కులపెద్దలకి ఏం చెప్పమంటే అది చెబుతాను, కానీ కొంచెం ఆగి. ఇప్పుడే కాదు. బతిమాలుతున్నాను.

నీ
పెర్సిస్


నత్తలంక,
అక్టోబరు 15, 2006.

పెర్సిస్ మేడమ్ గారికి,

నీ ఉత్తరం నేను చింపలేదు. మే నెలలో అది పట్టుకుని మా పెద్దల దగ్గరికి వెళ్ళాను. వాళ్ళందరికీ పెద్ద, పెద్దకాపు బంగార్రాజు గారు దూరం నుంచే, "నీ స్నేహితురాలే కదా, నువ్వే రాయించుకుని ఉంటావు. కింద పెట్టి పో" అన్నారు. అప్పటి నుంచీ అది నా సంచిలోనే ఉంది.

కిందటి వారం మాస్టారి దగ్గర్నుంచి కార్డొచ్చింది. సుందరమ్మ గారి చేత రాయించారు. "మా అమ్మాయి పుస్తకం ఇచ్చి వెళ్ళింది. అంతా ఇంగ్లీషట, చదివి వినిపించే దిక్కులేదు. నువ్వొస్తే బాగుంటుంది" అని ఉంది. నేనుగా వెళ్ళలేదు. పిలిస్తే వెళ్ళాను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా చెబుతున్నాను.

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని తయారై ఉన్నారు. అట్ట నుంచి మొదలుపెట్టి చదవమన్నారు. మొదటి పేజీలో దేవుడికీ, ఆయనకీ, ఈశ్వరప్రసాద్ గారికీ, కాలేజీ కమిటీకీ కృతజ్ఞతలు ఉన్నాయి. మా నాన్న పేరు లేదు. నా పేరు నేను వెతకలేదు. రెండో అధ్యాయంలో "ఈ లోతులన్నీ పరిశోధకురాలు స్వయంగా దోనెపై తిరిగి సేకరించినవి" అని ఉంది. అది చదివాను.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "పెర్సిస్ దోనె ఎక్కిందా? దానికి బల్లకట్టు ఎక్కాలంటేనే కళ్ళు తిరుగుతాయే" అన్నారు.

నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"దుర్గా, ఆ లోతులు ఎవరివమ్మా?"

"మా నాన్నవండీ."

"గుణకాలు?"

"నావండీ."

మాస్టారు నా వైపు తిరిగి, "ఇంకా ఏముంది? చెప్పు. నా కళ్ళు పోయాయి కానీ చెవులు పోలేదు" అన్నారు.

చెప్పాను. చెరువు సంగతీ, వెలి సంగతీ చెప్పాను. అంతటితో ఆపి ఉండొచ్చు. "మా అమ్మాయి అలా ఎందుకు చేస్తుంది? నీకెలా తెలుసు?" అన్నారు. సంచిలోంచి నీ మే నెల ఉత్తరం తీసి చదివాను. శనివారాల సంగతి వచ్చినప్పుడు తల వంచుకున్నారు. ఆ తరవాతి వాక్యం దగ్గర ఆగాను. ఆయన చూడలేరు కదా, దాటేసినా తెలియదు. మా తలుపు మీది బురద గుర్తొచ్చింది. దాటలేదు. డాక్టరు చెప్పినప్పుడు నీకు సంతోషం కలిగిందని, నువ్వు రాసింది రాసినట్టు చదివాను.

"ఆ మాట మళ్ళీ చదువమ్మా" అన్నారు.

మళ్ళీ చదివాను.

సుందరమ్మ గారు అన్నం పెట్టుకొస్తే వద్దన్నారు. నేను బస్సుకి వచ్చేసేటప్పుడు కూడా అలాగే, వెలుగున్న వైపుకి మొహం పెట్టుకుని కూర్చున్నారు.

సాయిదుర్గ


తాడేపల్లిగూడెం,
నవంబరు 12, 2006.

సాయిదుర్గా,

ఎంత పని చేశావే! ఆ ఒక్క వాక్యం మింగలేకపోయావా? బిడ్డ తండ్రి మీద కోపంలో వంద అనుకుంటుంది, నువ్వెప్పుడూ అనుకోలేదా? నీకు కావలసింది న్యాయమైతే పటం సంగతి చెబితే సరిపోయేది. ఆ మాట ఎందుకు? రెండుసార్లు ఎందుకు?

కిందటి ఆదివారం గుండుగొలను వెళ్ళాను. వరండాలో ఉన్నారు. నా అడుగుల చప్పుడు పసిపిల్లప్పటి నుంచీ ఎరిగిన మనిషి. "నాన్నగారూ" అని రెండుసార్లు పిలిచాను. లోపలికి తిరిగి, "సుందరమ్మా, ఎవరో వచ్చినట్టున్నారు, ఏం కావాలో కనుక్కో" అన్నారు. గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాను. సుందరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పరాయి వాళ్ళకిచ్చినట్టు గ్లాసు కింద పళ్ళెం పెట్టి ఇచ్చింది.

నేను నత్తలంక వస్తాను. మీ పెద్దల ముందు నిలబడి అంతా ఒప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ, డిగ్రీ వెనక్కి తీసుకుంటే తీసుకోనీ. నువ్వొచ్చి ఆయనకి ఒక్క మాట చెప్పు. నీ మాట అయితే వింటారు. ఎప్పుడూ నీ మాటే కదా ఆయన విన్నది. ఏ రోజు రమ్మంటావో రాయి.

పెర్సిస్


నత్తలంక,
డిసెంబరు 10, 2006.

పెర్సిస్‌కి,

నువ్వు రానక్కర్లేదు. మాస్టారు వచ్చి వెళ్ళారు.

నవంబరు ఆఖరి వారంలో సుందరమ్మ గారి అన్నకొడుకుని తోడు తెచ్చుకుని బస్సులో వచ్చారు. రేవులో దోనె ఎక్కించేటప్పుడు కాలుజారి మోకాళ్ళ దాకా తడిశారు. ఎవరింటికీ రాలేదు. తిన్నగా రామాలయం అరుగు దగ్గరికి నడిపించమన్నారు. మా ఊళ్ళో నలభయ్యేళ్ళ లోపు చదువుకున్న వాళ్ళంతా ఆయన శిష్యులే. బంగార్రాజు గారి పెద్దకొడుకు పరిగెత్తుకెళ్ళి కుర్చీ తెచ్చాడు. కూర్చోలేదు.

"నా పేరు జీవరత్నం. ఈ సింహాచలం మీ ఊరికి ద్రోహం చెయ్యలేదు. అతను రెండు చెరువులూ కొలిచాడు. అతని కొలతలు దొంగిలించి, సగం దాచింది నా కూతురు. ఉద్యోగం కోసం చేసింది. తండ్రిని, నేను చెబుతున్నాను. వెలి వెయ్యాలంటే మీరు వెయ్యాల్సింది నా ఇంటిని" అన్నారు. తరవాత మా నాన్న ఎక్కడున్నాడో అడిగి, ఆయన వైపు చేతులు జోడించారు. సరిగ్గా ఆయన వైపు కాదు, కొంచెం పక్కకి, గోడ వైపు జోడించారు. నాన్నే జరిగి ఆ చేతుల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అదేంటండీ మేస్టారూ, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటండీ. తడిసిపోయారు, లోపలికి రండి" అన్నాడు.

ఆ పూటే వెలి తీసేశారు. మర్నాటి నుంచి పక్కింటివాళ్ళు ఏమీ జరగనట్టే నిప్పుకొచ్చారు, ఉప్పుకొచ్చారు. పిల్లలు బడికొచ్చారు. మా తలుపు మీద బురద కొట్టిన పిల్లల్ని నేను గుర్తుపట్టగలను. వాళ్ళకీ ఎక్కాలు చెబుతున్నాను. కానీ నెమ్మదిగా చెప్పడం మానేశాను. తప్పు చెబితే కొడుతున్నాను. ఇదివరకు ఎన్నడూ కొట్టలేదు.

నాన్న మళ్ళీ వలకి వెళుతున్నాడు. ఎవరైనా "ఇక్కడెంత లోతుంటది మావా?" అని అడిగితే మాత్రం "నాకు తెలీదు" అంటాడు.

నువ్వు అడిగిన మాట మాస్టారికి చెప్పాను. మాస్టారిని బస్సు ఎక్కించేటప్పుడు, "పెర్సిస్ ఒప్పుకుంటానంటోందండీ, ఒక్కసారి మాట్లాడండి" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. అలా చెబితే ఆయన వినరని తెలిసే చెప్పాను.

ఆయన సంచిలోంచి నీ నల్ల అట్ట పుస్తకం తీసి నాకిచ్చి, పోస్టులో నీకు పంపించెయ్యమన్నారు. దీంతో పాటే పంపుతున్నాను.

"లోపల ఏమైనా రాయమంటారా మాస్టారూ?" అని అడిగాను.

"వద్దమ్మా. కవరు మీద చిరునామా మాత్రం సరిగ్గా రాయి. తిరిగి నా దగ్గరికి రాకూడదు" అన్నారు.

సాయిదుర్గ